బెంఘాజీని కాపాడారు సరే, ఏప్రిల్లో ఎందుకు ఆగలేదు?

పోయిన సంచికలో లిబియాలోని డెర్నా వరద గురించి రాశాను. 2023 సెప్టెంబరులో తుపాను వానకు అక్కడ రెండు డ్యాములు తెగి, ఒక్క రాత్రిలో వేలమంది కొట్టుకుపోయారు. ఆ డ్యాముల మరమ్మతు 2011 తిరుగుబాటుతో ఆగిపోయి మళ్లీ పూర్తి కాలేదు. అది చెబుతూ మధ్యలో ఒక మాట అన్నాను: 2011 మార్చిలో తిరుగుబాటు చేసిన బెంఘాజీ నగరం మీదికి వెళ్తున్న లిబియా పాలకుడు గడాఫీ ట్యాంకులను విదేశీ విమానాలు ఆపడం సరైన పనే అని. వరద గురించి ఎవరూ అడగలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యం మీదే. కొందరికి బాగా కోపం వచ్చింది.

నేను సైన్యంలో సిగ్నల్స్‌లో పనిచేసి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. పరాయి దేశంలోకి ఆయుధం పట్టుకుని వెళ్లడం ఎలా ఉంటుందో శ్రీలంకలోని జాఫ్నాలో చూశాను. అందుకే ఈ ప్రశ్నలను తేలిగ్గా తీసుకోలేను. ఈసారి పేజీ మొత్తం వీటికే.

ప్రశ్న: సుబేదార్ గారూ, లిబియా స్వతంత్ర దేశం. అక్కడి జనం అక్కడి ప్రభుత్వం మీద తిరగబడితే అది వాళ్ల ఇంటి గొడవ. చమురు కోసం కాకపోతే ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాలకు అక్కడేం పని? సైనికుడిగా పనిచేసిన మీరు దీన్ని ఎలా సమర్థిస్తారు?
*– రిటైర్డ్ హెడ్మాస్టర్, తెనాలి*

మాస్టారూ, ఆ గొడవ ఎలా మొదలైందో ముందు చెప్పనివ్వండి. 1996లో లిబియా రాజధాని ట్రిపోలీలోని అబూ సలీం జైల్లో ఖైదీలను మూకుమ్మడిగా కాల్చి చంపారు. చనిపోయినవాళ్లు దాదాపు 1,200 మంది అని మానవ హక్కుల సంస్థలు చెబుతాయి. ఆ కబురు ఇళ్లకు చెప్పలేదు. తల్లులు, భార్యలు బట్టలూ తిండీ మూట కట్టుకుని ఏళ్ల తరబడి జైలు గేటు దాకా వెళ్లేవాళ్లు. గేటు దగ్గర ఆ మూటలు తీసుకునేవాళ్లు. లోపల మనిషి లేడని మాత్రం చెప్పలేదు. ఆ కుటుంబాల తరఫున కోర్టుకెక్కిన యువ లాయరు ఫతీ తెర్బిల్. 2011 ఫిబ్రవరి 15న బెంఘాజీలో పోలీసులు ఆయన్ని పట్టుకెళ్లారు. ఆ కుటుంబాలవాళ్లే వీధిలోకి వచ్చారు. రెండు రోజుల తర్వాత గుంపుల మీద కాల్పులు జరిగాయి. వారం తిరిగేసరికి అక్కడి సైనికుల్లో చాలామంది జనం వైపు వచ్చేశారు, ఊరు గడాఫీ చేతిలోంచి జారిపోయింది.

ఫిబ్రవరి 22న గడాఫీ టీవీలో మాట్లాడుతూ ఇల్లిల్లూ, సందు సందూ గాలించి ఏరేస్తానన్నాడు. తర్వాత మూడు వారాల్లో అతని సైన్యం పడమర జావియాను, తూర్పుకు నడుస్తూ రాస్ లానూఫ్, బ్రేగా పట్టణాలను ఒక్కొక్కటిగా తిరిగి పట్టుకుంది. మార్చి 17న రేడియోలో బెంఘాజీ జనానికి ఆ రాత్రే వస్తున్నామని చెప్పాడు, ఎదురు తిరిగినవాళ్ల మీద దయ ఉండదన్నాడు. ఆయుధాలు కింద పెట్టినవాళ్లను వదిలేస్తామని కూడా అదే ప్రసంగంలో అన్నాడు. దాన్ని దాచడం న్యాయం కాదు. అదే రోజు న్యూయార్క్‌లో భద్రతా మండలి 1973వ తీర్మానం చేసింది. దాని సారం ఇది: పౌరులను కాపాడటానికి అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చు, ఆక్రమణ సైన్యం మాత్రం లిబియా నేల మీద అడుగు పెట్టకూడదు. మార్చి 19కి గడాఫీ ట్యాంకులు బెంఘాజీ శివార్లకు వచ్చేశాయి. ఆ సాయంత్రం ఫ్రెంచి విమానాలు వాటిని కొట్టాయి.

ఇక చమురు. 2003 డిసెంబరులో గడాఫీ తన అణు, రసాయన ఆయుధాల పథకాలను వదులుకున్నాక పశ్చిమ దేశాలు అతనితో చేతులు కలిపాయి. బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ 2004లో వెళ్లి అతని గుడారంలోనే కలిశాడు. 2007లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ పారిస్‌కు పిలిచి మర్యాద చేశాడు. ఇటలీ చమురు కంపెనీ అక్కడ దశాబ్దాలుగా పనిచేస్తోంది. వాళ్లకు కావలసింది చమురొక్కటే అయితే గడాఫీని అలాగే ఉండనివ్వడమే సులువైన దారి.

అలాగని ఆ దేశాలన్నీ ధర్మం కోసం దిగాయని నేను అనడం లేదు. అదే మార్చిలో, 14వ తేదీన, బహ్రెయిన్‌లో జనం మీద ప్రభుత్వానికి అండగా సౌదీ సైన్యం వంతెన దాటి వచ్చింది. అమెరికా నౌకాదళ స్థావరం బహ్రెయిన్‌లోనే ఉంది. అక్కడి జనం కోసం ఒక్క విమానమూ లేవలేదు. ఈ పక్షపాతం నిజం, దాన్ని చూసి మీకు కోపం రావడం న్యాయం. కానీ మాస్టారూ, బహ్రెయిన్‌లో అన్యాయం జరిగింది కాబట్టి బెంఘాజీలోనూ జరగనివ్వాలంటే మాత్రం నేను ఒప్పుకోలేను.

ప్రశ్న: సార్, ఆ తీర్మానం మీద మన దేశం ఓటు వేయకుండా తటస్థంగా ఉంది కదా. మా క్లాసులో దీని మీద డిబేట్ పెట్టారు. తటస్థంగా ఉండటం తప్పించుకోవడమేనని నేను వాదించాను, ఓడిపోయాను. మీరేమంటారు?
*– బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని, నిజామాబాద్*

అమ్మా, ఓడిపోయినా నీ వాదనలో సగం బలమైనదే. ముందు ఓట్లు చూడు. అనుకూలంగా 10, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, తటస్థంగా 5: మనం, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ. అనుకూలంగా వేసిన వాటిలో దక్షిణాఫ్రికా, నైజీరియా, గాబోన్, లెబనాన్ ఉన్నాయి. అంతకు ముందే, మార్చి 12న, అరబ్ లీగ్ తానే లిబియా మీద విమానాలు ఎగరకుండా నిషేధం పెట్టమని అడిగింది. కాబట్టి ఇది తెల్లవాళ్ల నిర్ణయం మాత్రమే అని మీ క్లాసులో ఎవరైనా అని ఉంటే అది సరికాదు. ఇంకొకటి గుర్తుంచుకో. ఫిబ్రవరి 26న ఆయుధాల సరఫరా నిషేధించి, గడాఫీ వ్యవహారాన్ని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు పంపిన 1970వ తీర్మానానికి మన దేశం అనుకూలంగానే ఓటు వేసింది.

మార్చి 17న మన ప్రతినిధి చెప్పిన కారణాలు నాకు ఇప్పటికీ గట్టివిగానే కనిపిస్తాయి. ఐక్యరాజ్య సమితి పంపిన ప్రత్యేక దూత నివేదిక ఇంకా రాలేదు. నేల మీద ఏం జరుగుతోందో నమ్మదగిన సమాచారం తక్కువ. ఈ చర్యలు ఎవరు, ఏ ఆస్తులతో, ఎలా అమలు చేస్తారో స్పష్టత లేదు. తీర్మానంలోని 'అవసరమైన చర్యలన్నీ' అనే మాటకు హద్దు ఎక్కడ? ఆ హద్దు లేకపోవడమే తర్వాత లిబియా కొంప ముంచింది. ఆ అనుమానం వ్యక్తం చేసినవాళ్లు దూరం చూసినవాళ్లే.

కానీ నీ సగం ఇక్కడుంది. ఆ రాత్రి బెంఘాజీలో ఉన్న లక్షల మంది సంగతేమిటి? దానికి మన దగ్గర జవాబు లేదు. అనుమానం ఉన్నవాళ్లు ఇంకో దారి బల్ల మీద పెట్టాలి. హద్దు రాయించి ఓటు వేయొచ్చు, మూడు వారాలకోసారి మండలి ముందు లెక్క చెప్పాలని షరతు పెట్టొచ్చు. బ్రెజిల్ ఆ పని చేసింది, కానీ 2011 నవంబరులో, అంతా అయిపోయాక. కాపాడటానికి వెళ్లినవాళ్లు కూడా బాధ్యతకు కట్టుబడాలనీ, వాళ్ల పనిని మండలి కనిపెట్టుకుని ఉండాలనీ ఒక పత్రం ఇచ్చింది. మన దేశం అలాంటి పత్రం మార్చిలోనే ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మళ్లీ డిబేట్ పెడితే ఆ పత్రం సంగతి ఎత్తు.

ప్రశ్న: అన్నా, నేను బెంఘాజీలో సెంట్రింగ్ మేస్త్రీగా పనిచేశాను. గొడవలు మొదలయ్యాక మన గవర్నమెంటు స్కోషియా ప్రిన్స్ అనే ఓడ పంపింది, అలెగ్జాండ్రియా దాకా తెచ్చి అక్కణ్ణించి విమానం ఎక్కించారు. గడాఫీ ఉన్నప్పుడు కరెంటు, ఆసుపత్రి, చదువు అన్నీ ఉండేవి. అర్ధరాత్రి రోడ్డు మీద నడిచినా మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. జీతం టైముకి వచ్చేది. ఇప్పుడు అక్కడ నాతో పనిచేసినవాళ్లు ఎవరున్నారో ఎవరు పోయారో తెలీదు. అంత మంచి దేశాన్ని పాడు చేసినదాన్ని సరైన పని అంటారా?
*– రాజంపేట నుంచి*

తమ్ముడూ, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అక్కడ మీరు చూసింది అబద్ధమని నేనెందుకంటాను? చమురు డబ్బుతో చదువు, వైద్యం ఇచ్చిన మాట నిజం. మీరు రాత్రి నడిచిన మాటా నిజం. అయితే అదే ఊళ్లో, మీరు నడిచిన రోడ్డు పక్క ఇంట్లోనే, కొడుకు జైల్లో ఉన్నాడో చచ్చిపోయాడో తెలియని తల్లి ఉండి ఉండొచ్చు. ఆమె ఆ మాట మీకు చెప్పలేదు, చెబితే ఆమెకే ముప్పు. రాజకీయ పార్టీ పెట్టడమే అక్కడ మరణశిక్ష పడే నేరం. అలాంటి చోట పైకి కనిపించే ప్రశాంతత ఎంతకాలం నిలుస్తుంది?

అయినా మీ అసలు ప్రశ్న అది కాదు. దేశం ఎందుకు పాడైంది, ఎవరు పాడు చేశారు అని మీరు అడుగుతున్నారు. దానికి నా జవాబు ఒక తేదీ: 2011 ఏప్రిల్.

మార్చి ఆఖరుకల్లా బెంఘాజీ గండం గట్టెక్కింది. గడాఫీ విమానాలు నేల కరిచాయి, ట్యాంకులు వెనక్కి పోయాయి. మార్చి 31న మొత్తం పని అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో చేతిలోకి వెళ్లింది. యుద్ధం రోడ్డు వెంట అటూ ఇటూ ఊగుతూ ఎక్కడిదక్కడ నిలిచింది. కాల్పులు ఆపించి మాట్లాడుకోవడానికి సరైన సమయం అదే. ఏప్రిల్ 10న ఆఫ్రికన్ యూనియన్ తరఫున దక్షిణాఫ్రికా అధ్యక్షుడు జుమా, ఇంకొందరు నాయకులు ట్రిపోలీ వెళ్లారు. కాల్పుల విరమణ, సహాయం చేరవేత, చర్చలు అన్న పథకానికి గడాఫీ సరేనన్నాడు. మర్నాడు వాళ్లు బెంఘాజీ వెళ్తే తిరుగుబాటు మండలి కాదంది. గడాఫీ, అతని కొడుకులు గద్దె దిగకుండా మాటలేమిటని అడిగారు. వాళ్ల అపనమ్మకం నాకు అర్థమవుతుంది. అబూ సలీం కుటుంబాలు ఆ మనిషి మాట ఎలా నమ్ముతాయి? తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న మిస్రాటా నగరం మీద అప్పటికీ గడాఫీ గుండ్లు పడుతూనే ఉన్నాయి.

కానీ ఆ మండలికి ఆకాశం నుంచి బలం ఇస్తున్నవాళ్లు ఒత్తిడి తెస్తే వాళ్లు చర్చలకు కూర్చోక తప్పేది కాదు. ఒత్తిడి తేవడం అటుంచి, నాలుగు రోజుల తర్వాత అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ నాయకులు ఒబామా, కామెరాన్, సర్కోజీ ముగ్గురూ కలిసి పత్రికల్లో వ్యాసం రాశారు. గడాఫీ అధికారంలో ఉండగా లిబియాకు భవిష్యత్తు ఊహించలేమన్నది దాని సారాంశం. తీర్మానంలో ఆ మాట లేదు. పౌరులను కాపాడమని ఇచ్చిన అనుమతి, ప్రభుత్వాన్ని పడగొట్టే పనిగా మారింది ఆ వారంలోనే. తర్వాత ఫ్రాన్స్ నఫూసా కొండల్లోని తిరుగుబాటుదారులకు విమానాల్లోంచి ఆయుధాలు దించింది. ఆయుధాలు పంపకూడదన్న నిషేధం మీద తానే ఓటు వేసిన దేశం అది. ఖతార్ సైనికులు నేల మీదే తిరుగుబాటుదారుల పక్కన నిలబడ్డారు. యుద్ధం ఇంకో ఆరు నెలలు సాగింది. ఆగస్టులో ట్రిపోలీ పడింది. అక్టోబరు 20న సిర్తే నుంచి పారిపోతున్న గడాఫీ వాహనాల వరసను నాటో విమానాలు కొట్టాయి, ఆ తర్వాత అతను గుంపు చేతికి చిక్కి చనిపోయాడు. పదకొండు రోజులకు, అక్టోబరు 31న, నాటో తన పని అయిపోయిందని ప్రకటించి వెళ్లిపోయింది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ పదకొండు రోజులే. 26 వేలకు పైగా విమాన దాడులు, గస్తీలు నడిపినవాళ్లు, ఊరూరా తుపాకులు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లను ఎవరు దారిలో పెడతారో చూడలేదు. విదేశీ సైన్యం వద్దని కొత్త పాలకులే అన్నారన్నది నిజమే. కానీ ఆయుధాలు వెనక్కి తీసుకోవడానికి, పోలీసు శాఖను నిలబెట్టడానికి సైన్యమే అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఆ ఓపిక ఎవరూ చూపలేదు. కొత్త ప్రభుత్వం పోరాడినవాళ్లకు జీతాలు ఇవ్వడం మొదలుపెట్టేసరికి, యుద్ధంలో లేనివాళ్లు కూడా ముఠాల్లో చేరారు. 2013 అక్టోబరులో సాక్షాత్తూ ప్రధానమంత్రి అలీ జైదాన్‌నే ట్రిపోలీ హోటల్లోంచి ఒక ముఠా ఎత్తుకుపోయి కొన్ని గంటలు పెట్టుకుంది. తర్వాతి నెలలో ముఠాలు ఊరు వదిలి పోవాలని ట్రిపోలీ జనం ఊరేగింపు తీస్తే వాళ్ల మీద కాల్పులు జరిపి 40 మందికి పైగా చంపారు. 2014 నాటికి దేశానికి రెండు ప్రభుత్వాలు, ఒకటి పడమర, ఒకటి తూర్పు. ఈ రోజుకీ అది ఒక్కటి కాలేదు. 2021 డిసెంబరులో జరగాల్సిన ఎన్నికలు జరగలేదు.

మీరు బెంఘాజీలో ఉన్నవారు కాబట్టి తవెర్ఘా పేరు విని ఉంటారు. మిస్రాటా పక్కనుండే నల్లజాతి లిబియన్ల ఊరు. గడాఫీ సైన్యం ఆ ఊరి నుంచే మిస్రాటా మీద దాడి చేసిందని, గెలిచాక మిస్రాటా ముఠాలు ఆ ఊరి మొత్తాన్ని, దాదాపు 40 వేల మందిని, వెళ్లగొట్టి ఇళ్లు తగలబెట్టాయి. పౌరులను కాపాడటానికి వచ్చిన విమానాలు అప్పటికి ఆకాశంలోనే ఉన్నాయి. తవెర్ఘా వాళ్లు పౌరులు కారా?

నాటో బాంబులకు పోయిన ప్రాణాలూ ఉన్నాయి. ఆగస్టు 8న మాజెర్ అనే పల్లెలో 34 మంది చనిపోయారు. ఐక్యరాజ్య సమితి విచారణ సంఘం తాను పరిశీలించిన దాడుల్లో 60 మంది పౌరుల మరణాలను నమోదు చేసింది. అంత పెద్ద దాడికి ఇది తక్కువేనని సైనిక నిపుణులు అంటారు. మాజెర్‌లో ఆ ఇళ్లవాళ్లకు ఆ లెక్క చెప్పి ఎవరూ ఒప్పించలేరు.

2016లో బ్రిటిష్ పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ దీని మీద నివేదిక ఇచ్చింది. బెంఘాజీకి ముప్పును ఎక్కువ చేసి చూపారని, పౌర రక్షణగా మొదలైన పని ఆ వేసవికల్లా ప్రభుత్వాన్ని మార్చే పనిగా జారిపోయిందని రాసింది. రెండో మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మొదటి మాటతో ఏకీభవించను. గడాఫీ తిరిగి పట్టుకున్న ఊళ్లలో మూకుమ్మడి హత్యలు జరగలేదు కాబట్టి బెంఘాజీలోనూ జరిగేవి కాదని వాళ్ల తర్కం. తిరుగుబాటు పుట్టిన ఊరిని, తాను పేరు పెట్టి బెదిరించిన ఊరిని, అతను మిగతా ఊళ్లలా చూసేవాడని నేను నమ్మను. 1996లో సొంత జైల్లో అంతమందిని చంపి ఇళ్లకు చెప్పకుండా దాచిన మనిషి అతను. ఆ చరిత్ర తెలిసి ట్యాంకులను లోపలికి వెళ్లనివ్వమని ఎవరు చెబుతారు?

కాబట్టి తమ్ముడూ, మార్చి 19న చేసింది సరైన పనే అంటాను. ఏప్రిల్ తర్వాత చేసిందాన్ని సమర్థించను.

ప్రశ్న: 1971లో మనం తూర్పు పాకిస్తాన్‌లోకి వెళ్లాం, 1987లో శ్రీలంక వెళ్లాం. ఇవీ జోక్యాలే కదా? మనం చేస్తే న్యాయం, నాటో చేస్తే అన్యాయమా?
*– ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం*

జోక్యాలే. వేరే పేరు పెట్టి తప్పుకోను. కానీ రెండూ ఒక్కలాంటివి కావు.

1971లో కోటి మంది శరణార్థులు మన నేల మీదికి వచ్చారు. డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద దాడి చేశాక పూర్తి యుద్ధం మొదలైంది, 16కి ముగిసింది. మన సైన్యం 1972 మార్చికల్లా వెనక్కి వచ్చేసింది. అంత తొందరగా ఎలా రాగలిగింది? దేశాన్ని అప్పగించడానికి అక్కడ మనుషులున్నారు. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 169 స్థానాల్లో 167 గెలిచిన అవామీ లీగ్ ఉంది. అంటే జనం ముందే ఓటు వేసి తమ నాయకులను ఎన్నుకున్నారు. లిబియాలో గడాఫీ నలభై ఏళ్లకు పైగా పార్టీని, పార్లమెంటును, చివరికి సైన్యాన్ని కూడా ఎదగనివ్వలేదు. నమ్మకమైన బలగాలన్నీ కొడుకుల చేతిలో పెట్టాడు. అతన్ని తీసేస్తే మిగిలేది ఏమీ లేదని దించినవాళ్లకు తెలిసే ఉండాలి.

శ్రీలంక గురించి చదివి చెప్పక్కర్లేదు, నేనక్కడ ఉన్నాను. 1987 జూలై 29న మన దేశానికీ శ్రీలంకకూ ఒప్పందం జరిగింది, మర్నాటి నుంచే మన జవాన్లు పలాలీ విమానాశ్రయంలో దిగారు. మాది చిత్తూరు జిల్లా, నాకు తమిళం వచ్చు. అందుకని రేడియో సెట్టు పని కన్నా మాటలు అటూ ఇటూ చెప్పే పనే నాకు ఎక్కువ పడింది. మొదట్లో జాఫ్నా జనం మాకు పూలదండలు వేశారు. అక్టోబరులో ఎల్టీటీఈతో యుద్ధం వచ్చింది. జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. ఎదురుకాల్పుల్లో అని మన వైపు చెప్పారు. ఊళ్లో ఎవరూ ఆ మాట ఒప్పుకోలేదు. ఆ తర్వాత దండలు లేవు.

చెక్‌పోస్టు దగ్గర జనం నన్ను అడిగినవన్నీ చిన్న చిన్న విషయాలు. కర్ఫ్యూ ఎప్పుడు తీస్తారు? రైసు మిల్లు తెరవడానికి ఎవరి సంతకం కావాలి? మా అబ్బాయిని ఏ క్యాంపులో పెట్టారు? నేను మా కెప్టెన్‌కి చెప్పేవాణ్ణి. ఆయన మంచివాడు, జవాబు చెప్పాలనే ఉండేది. కానీ ఆ ఊరిని ఎవరు నడపాలో ఆయనకే పైనుంచి ఎవరూ చెప్పలేదు. ఎల్టీటీఈని ఓడించమన్నారు, అంతవరకే. 1988 నవంబరులో ఉత్తర, తూర్పు ప్రాంతాలకు ఎన్నికలు పెట్టి ఒక ప్రాంతీయ ప్రభుత్వాన్ని నిలబెట్టారు. మన సైన్యం ఉన్నంతవరకే అది నిలబడింది. కొలంబోలో అధ్యక్షుడు మారాక మమ్మల్ని పొమ్మన్నారు. 1990 మార్చిలో ఆఖరి ఓడ కదిలింది. ఆ ప్రభుత్వమూ మాతోపాటే పోయింది. మనవాళ్లు దాదాపు 1,200 మంది అక్కడే చనిపోయారు.

అందుకే బాంబు ఎవరు వేశారన్నదాని కన్నా, ఆ మిల్లు తలుపు ఎవరు తీస్తారన్నది నాకు ముఖ్యం. ఎవరైనా ఒక దేశంలోకి సైన్యాన్ని పంపాలంటే మొదట దీనికి జవాబు రాసి చూపించాలి. 1971లో మనకు ఆ జవాబు ఉంది. 1987లో లేదు. ట్రిపోలీకి నాటో దగ్గర కూడా లేదు. 2016లో ఒబామానే ఒక ఇంటర్వ్యూలో, లిబియా తర్వాతి రోజుకు ప్రణాళిక వేయకపోవడమే బహుశా తన పదవీకాలంలో చేసిన అతి పెద్ద పొరపాటని అన్నాడు. అంతటి మనిషి ఒప్పుకున్నాక మనం దీన్ని పాఠంగా తీసుకోవడానికి సందేహించక్కర్లేదు.

ప్రశ్న: సిరియాలో ఎవరూ జోక్యం చేసుకోలేదు. అక్కడ లిబియా కన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది చనిపోయారు. మరి దీన్నేమంటారు?
*– లెక్చరర్, అనంతపురం*

ఎవరూ జోక్యం చేసుకోలేదన్న మాట సరికాదు సార్. ఇరాన్, రష్యా ప్రభుత్వం వైపు, టర్కీ, గల్ఫ్ దేశాలు తిరుగుబాటుదారుల వైపు, అమెరికా ఇంకో వైపు, అందరూ ఉన్నారు. 2015 సెప్టెంబరు నుంచి రష్యా విమానాలు నేరుగా బాంబులు వేశాయి. లేనిది ఒక్కటే, అందరూ ఒప్పుకున్న రక్షణ. దానికి లిబియా కూడా ఒక కారణం. 2011 అక్టోబరులో సిరియా మీద చిన్న తీర్మానం వస్తేనే రష్యా, చైనా వీటో చేశాయి. పౌర రక్షణ పేరుతో ఓటు తీసుకుని ప్రభుత్వాన్ని పడగొట్టారు, మళ్లీ మోసపోమని వాదించాయి. వాటి స్వార్థం వాటికుంది, నాకు తెలుసు. కానీ ఆ వాదన వాటి చేతికి ఇచ్చింది నాటోయే. 1994లో రువాండాలో 100 రోజుల్లో 8 లక్షల మందిని చంపుతుంటే భద్రతా మండలి అక్కడున్న సమితి సైనికులను పెంచడానికి బదులు 270 మందికి తగ్గించేసింది. మళ్లీ అలా జరగకూడదనే 2005లో ప్రపంచ దేశాలన్నీ పౌర రక్షణ బాధ్యతను ఒప్పుకున్నాయి. ట్రిపోలీలో ఆ నమ్మకాన్ని ఖర్చు పెట్టేశారు, దాని నష్టం సిరియా జనం మీద పడింది.

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ చేశాడు. లిబియాలో వెల్డరు ఉద్యోగం, నెలకు మంచి జీతం అని ఒక ఏజెంటు చెబుతున్నాడు. మొదట దుబాయ్‌కి విజిట్ వీసా మీద పంపి అక్కణ్ణించి తీసుకెళ్తారట. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?
*– ఒక తల్లి, సూర్యాపేట*

పంపకండమ్మా. 2015 జూలైలో సిర్తే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగు ప్రొఫెసర్లు సెలవుకు ఇంటికి వస్తూ దారిలో చెక్‌పోస్టు దగ్గర అపహరణకు గురయ్యారు. 2016 సెప్టెంబరులో గానీ విడుదల కాలేదు. ఇక్కడ వాళ్ల కుటుంబాలు ఏడాదికి పైగా ఎదురుచూశాయి. అంత చదువుకున్నవాళ్లు, ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉద్యోగం, అయినా రోడ్డు మీద ముఠాదే రాజ్యం. 2023లో ఇటలీలో ఉద్యోగమని నమ్మించి ఏజెంట్లు లిబియాలో వదిలేసిన పంజాబ్, హర్యానా కుర్రాళ్లు 17 మందిని మన విదేశాంగ శాఖ వెనక్కి తెచ్చింది. మీకు చెబుతున్న విజిట్ వీసా దారి కూడా అలాంటిదే.

ఆ ఏజెంటును రెండు అడగండి. విదేశాంగ శాఖ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదైన లైసెన్సు నంబరు ఎంత? యజమాని పేరు, ఊరు, జీతం రాసి ఉన్న ఉద్యోగ ఒప్పందం ఎక్కడుంది? ఈ రెండూ కాగితం మీద చూపించకపోతే అడ్వాన్సు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇప్పటికే పాస్‌పోర్టు అతని చేతికి ఇచ్చి ఉంటే ఈ వారంలోనే వెనక్కి తీసుకోండి. ఇవ్వనంటే పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అబ్బాయికి వెల్డింగ్ వచ్చు కాబట్టి హైదరాబాద్, విశాఖ వైపు పని దొరక్కపోదు. అది చూస్తూనే, రాష్ట్ర ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేయించండి.